ఆరోగ్య పరిశోధనకు సలహా, సాయం: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ

తమిళనాడు దక్షిణాన, తూత్తుక్కుడి జిల్లాలోని కోవిల్‌పట్టి నుంచి ఉత్తరంగా విరుదునగర్ జిల్లా దాకా పరుచుకున్నది నల్లరేగడి మెట్ట. తమిళులు కరిసల్ భూమి అంటారు. పత్తి, జొన్న, అగ్గిపెట్టెలు, శివకాశి బాణసంచా, 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి పల్లీచెక్క ఇక్కడివారి బతుకుదెరువులు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు, రాజపాళయం రాజులు, అరుంధతీయులు తరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ ఇక్కడే స్థిరపడ్డారు. కోవిల్‌పట్టి పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలకు ఈ వలసనే వస్తువుగా తీసుకున్నారు.

ఇలాంటి చోట ఆరోగ్య పరిశోధన తలపెట్టేవారు రకరకాలు: థీసిస్ రాయవలసిన పీజీ విద్యార్థి, తన పరిధిలోని ఊళ్లలో ఒక జబ్బు ఎందుకు ఎక్కువగా ఉందో తేల్చుకోవాలనుకునే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు, నర్సింగ్ కాలేజీ అధ్యాపకురాలు, కార్మికుల మధ్య పనిచేసే స్వచ్ఛంద సంస్థ. వీరికి నిపుణుల సలహా ఎక్కడ దొరుకుతుంది, ఏ దశలో అడగాలి, ఎవరి అనుమతి కావాలి అన్నది ఈ వ్యాస విషయం. సలహా చెప్పేవారు లేరనడం సరికాదు. మదురై, తిరునెల్వేలి, తూత్తుక్కుడి మూడూ బస్సులో పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే ఉన్నాయి. అడగవలసిన సమయం దాటిపోయాక అడగడమే తరచుగా కనిపించే లోపం.

పూర్వరంగం

ఈ సీమకు అగ్గిపెట్టెల పరిశ్రమ రావడమే సలహా వెతుక్కుంటూ ఊరు దాటినవారి వల్ల. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1920ల తొలినాళ్లలో కలకత్తా వెళ్లి ఆ పని నేర్చుకుని వచ్చారు. అప్పటికి తెల్ల భాస్వరంతో అగ్గిపుల్లలు చేయడాన్ని భారతదేశంలో 1913 నాటి చట్టం నిషేధించింది. ఐరోపాలో అగ్గిపుల్లల కార్మికులకు దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు ఆ భాస్వరం వల్లే వస్తున్నదని 19వ శతాబ్దపు వైద్యులు గమనించి రాసిపెట్టారు. ఎక్కడో జరిగిన ఆరోగ్య పరిశోధన, ఇక్కడ పరిశ్రమ పుట్టకముందే, ఇక్కడి కార్మికుల దవడలను కాపాడిందన్నమాట. కాలిన గాయాలు, పేలుళ్లు, రసాయనాల ధూళి, బాల కార్మికుల సమస్య మాత్రం మిగిలాయి. శివకాశి పిల్లల విషయంలో ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు దేశమంతటి బాల కార్మిక విధానానికి ఆధారమైంది.

పరాయి నిపుణులతో కలిసి ఒక ప్రశ్నకు గట్టి సమాధానం రాబట్టడం ఎలాగో మద్రాసు రాష్ట్రం 1956లోనే చూపించింది. భారతీయ వైద్య పరిశోధన మండలి, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి మద్రాసులో క్షయ కెమోథెరపీ కేంద్రం పెట్టాయి. ఇప్పటి జాతీయ క్షయ పరిశోధన సంస్థ అదే. బ్రిటన్ నుంచి వచ్చిన వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో రోగులను లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టును శానిటోరియంలో ఉంచారు, రెండోదాన్ని ఇరుకిళ్లలోనే ఉంచి మందులిచ్చారు. ఇంటి వైద్యం శానిటోరియం వైద్యానికి తీసిపోదనీ, ఇంట్లోవాళ్లకు దానివల్ల అదనపు ముప్పు లేదనీ తేలింది. 1959లో ఆ ఫలితాలు వెలువడ్డాక ప్రపంచమంతటా క్షయ చికిత్స దారి మళ్లింది.

కరిసల్ సీమకు ఇంకా దగ్గరి ఉదాహరణ అరవింద్ కంటి ఆస్పత్రి. దాని స్థాపకుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1918లో ఎట్టయపురం దగ్గరి వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. దగ్గరి బంధువుల్లో ముగ్గురు ఆడపిల్లలు కాన్పు కష్టాలతో చనిపోవడం చూసి ప్రసూతి వైద్యుడు కావాలనుకున్నారు. కీళ్లవాతంతో వేళ్లు వంకర్లు పోవడంతో కంటి వైద్యానికి మారారు. ఉద్యోగ విరమణ తర్వాత 1976లో మదురైలో 11 పడకలతో ఆస్పత్రి తెరిచారు. శుక్లాల ఆపరేషన్ల లెక్కలే ఎక్కువగా చెప్పుకుంటారు గానీ, పరిశోధకుడు ఇక్కడ చూడవలసింది వేరే ఉంది.

పొలం పనిలో వరి ఊకో, ముల్లో, గడ్డిపోచో కంట్లో గుచ్చుకుంటుంది. గీత చిన్నదే. నాలుగు రోజులకు కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేస్తుంది. ఇంట్లో తోచినదేదో పోస్తారు. ఆస్పత్రికి వచ్చేసరికి బూజు లోపలికి దిగి ఉంటుంది. ఇలాంటి రోగులు రోజూ కనబడుతున్నప్పుడు, ఎందరు, ఎందువల్ల అని లెక్క తీయడం మొదటి మెట్టు. 1994 జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల్లో మదురై అరవింద్‌కు కార్నియా పుండుతో వచ్చిన 434 మందిని డాక్టర్ ఎం. శ్రీనివాసన్ బృందం వరుసగా నమోదు చేసింది. వారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ముందు కంటికి దెబ్బ తగిలింది. దెబ్బే కారణమైతే, దెబ్బ తగిలిన వెంటనే మందు వేస్తే పుండును ఆపవచ్చా? ఈ రెండో ప్రశ్నకు నేపాల్‌లోని భక్తపూర్‌లో గ్రామ కార్యకర్తల చేత యాంటీబయాటిక్ లేపనం పెట్టించి చూశారు. తర్వాత మదురై జిల్లా పల్లెల్లోనూ అదే దారిలో చేశారు. పుండ్లు ఆగాయి. మరి ఇప్పటికే బూజు పట్టినవారికి ఏ మందు మేలు? దీనికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ప్రాక్టర్ ఫౌండేషన్‌తో కలిసి 323 మంది రోగులతో పోలిక ప్రయోగం జరిపారు. 2013లో వెలువడిన ఫలితం ప్రకారం కొత్తదీ ఖరీదైనదీ అయిన వోరికొనజోల్ కన్నా పాత మందు నేటమైసిన్ మెరుగు.

ఒక్కో మెట్టుకూ వేరే నిపుణుడు కావలసి వచ్చాడని ఇందులో గమనించాలి. మొదటిదానికి సూక్ష్మజీవ శాస్త్రజ్ఞుడు, రెండోదానికి ఊళ్లలో పనిచేయడం తెలిసినవారు, మూడోదానికి గణాంక నిపుణులు, ఫలితాలను మధ్యలో చూసి అవసరమైతే ప్రయోగం ఆపగల స్వతంత్ర పర్యవేక్షకులు. అంతా తెలిసిన గురువు ఒక్కడుంటాడన్న నమ్మకంతో బయల్దేరే విద్యార్థికి ఇది పనికొచ్చే పాఠం. మదురై, తిరునెల్వేలి, తూత్తుక్కుడి జిల్లాల్లో 1990ల మధ్యలో అరవింద్ జరిపిన సమగ్ర కంటి సర్వే కూడా జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ నిపుణులతో కలిసి చేసినదే. 50 చోట్ల నుంచి 40 ఏళ్లు దాటిన ఐదువేల పైచిలుకు మందిని పరీక్షించారు.

మొదట అడగవలసిన మనిషి

1938 జనవరిలో కలకత్తాలో జరిగిన మొదటి భారత గణాంక మహాసభకు ఆర్.ఎ. ఫిషర్ అధ్యక్షుడు. ప్రయోగం ముగిశాక గణాంక నిపుణుణ్ణి పిలవడమంటే శవపరీక్షకు పిలవడమేనని ఆయన అక్కడ ఎత్తిపొడిచారు. ఇన్నేళ్లయినా మన వైద్య కళాశాలల్లో పద్ధతి పెద్దగా మారలేదు. విద్యార్థి మూడొందల ఫారాలు నింపేసి, ఎక్సెల్ షీటు పట్టుకుని, గైడు సంతకం గడువు వారముందనగా, పి విలువ తీసిపెట్టమని స్టాటిస్టిక్స్ మాస్టారి గది తలుపు తడతాడు. అప్పుడాయన చేయగలిగింది తక్కువ.

ముందే వెళ్తే ఏం మారుతుందో చిన్న లెక్కలో చూడవచ్చు. విరుదునగర్ జిల్లా సాత్తూరు పరిసరాల్లో అగ్గిపెట్టెల పని చేసే ఆడవారిలో రక్తపోటు ఎందరికుందో తెలుసుకోవాలి. సుమారు 20 శాతం ఉండవచ్చని అనుకుందాం, అసలు అంకెకు అటూఇటూ 5 శాతం తేడాలో సమాధానం కావాలి. 4ను 20తో, 80తో గుణించి, 5 వర్గమైన 25తో భాగిస్తే 256. కానీ ఊరూరా తిరిగి గుంపులుగా మనుషులను ఎంచుతున్నాం. ఒకే ఊరివాళ్లు తిండిలో, పనిలో ఒకరినొకరు పోలి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరి నుంచి వచ్చే కొత్త సమాచారం తగ్గుతుంది. దానికి ఒకటిన్నర రెట్లు చేస్తే 384. పది శాతం మంది దొరకరు లేదా ఒప్పుకోరు, కనుక 427. తేడా 2 శాతమే ఉండాలని పట్టుబడితే మొదటి అంకే 1600 అవుతుంది. ఒక విద్యార్థి ఒక వేసవిలో 427 ఇళ్లు తిరగగలడు. 1600కు అవే సర్దుబాట్లు చేస్తే 2667, అన్ని ఇళ్లు తిరగాలంటే మనుషులూ డబ్బూ కావాలి, లేదా ప్రశ్ననే కుదించుకోవాలి. ఈ బేరం కుదర్చడమే స్టాటిస్టీషియన్ అసలు పని. ఆ 20 శాతం ఎక్కడి నుంచి తెచ్చావని ఆయన అడుగుతాడు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) జిల్లావారీ పత్రాలు విరుదునగర్‌కూ, తూత్తుక్కుడికీ ఉన్నాయి, ఉచితం. అవి చూడకుండా వెళ్లడం మర్యాద కాదు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల బయోస్టాటిస్టిక్స్ విభాగం దక్షిణాదిలో ఈ విద్యకు పేరుపడ్డ చోటు. అక్కడి పి.ఎస్.ఎస్. సుందరరావు, జె. రిచర్డ్ రాసిన పాఠ్యపుస్తకంతోనే చాలామంది వైద్యులు ఈ లెక్కలు నేర్చుకున్నారు. లెక్కలకు ఎపి ఇన్ఫో, ఓపెన్ ఎపి, ఆర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. దొంగ కాపీలు వాడే అవసరం లేదు.

ఎవరి దగ్గర ఏముంది

విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. తమిళనాడులో ఒకేసారి తెరిచిన 11 ప్రభుత్వ కళాశాలల్లో ఇదొకటి. తూత్తుక్కుడి కళాశాల 2000లో, తిరునెల్వేలిది 1965లో, మదురైది 1954లో మొదలయ్యాయి. వీటిలో ముందుగా వెతకవలసిన గది కమ్యూనిటీ మెడిసిన్ విభాగం. సర్వే రూపకల్పన, ఊళ్ల ఎంపిక, ప్రశ్నావళి అక్కడివారి రోజువారీ పని. కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం ప్రభుత్వ వైద్య కళాశాలల్లో బహుళ శాస్త్ర పరిశోధన యూనిట్లు, పల్లెల్లో నమూనా గ్రామీణ ఆరోగ్య పరిశోధన యూనిట్లు నెలకొల్పే పథకాలు నడుపుతోంది. రెండో రకంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్నీ, ఒక వైద్య కళాశాలనూ, ఒక జాతీయ సంస్థనూ ముడివేస్తారు. తిరునెల్వేలి జిల్లా కల్లూరులో అలాంటిదొకటి ఉంది.

చెన్నై అయపాక్కంలోని జాతీయ అంటువ్యాధి శాస్త్ర సంస్థ (1999) దూరమైనా, దాని పాఠాలు ఇంటికే వస్తాయి. అది రూపొందించిన ప్రాథమిక జీవవైద్య పరిశోధన కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితం. పీజీ విద్యార్థులకూ, వైద్య అధ్యాపకులకూ దాన్ని తప్పనిసరి చేశారు కూడా. వీడియోలు చూసి పరీక్ష గట్టెక్కడం వేరు, సొంత ప్రోటోకాల్ రాయడం వేరు అన్నది నిజమే. అయినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని జిల్లా కేంద్రపు డాక్టరుకు ఇంతకన్నా సులువైన దారి లేదు. దోమల సంగతికి మదురైలోనే, 1985లో వైద్య కీటకశాస్త్ర పరిశోధన కేంద్రంగా మొదలైన సంస్థ ఉంది. అగ్గిపెట్టెలు, బాణసంచా కార్మికుల వృత్తి జబ్బులకైతే అడగవలసింది అహ్మదాబాద్ జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థనూ, బెంగళూరులోని దాని ప్రాంతీయ కేంద్రాన్నీ. తిండి గురించిన ప్రశ్నలకు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత ఆ సంస్థ అయింది. దాని 2017 నాటి ఆహార విలువల పట్టికలు లేకుండా ఆహార సర్వే చేయడం కాటా లేకుండా తూకం వేయడమే.

ఎవరూ పెద్దగా తాకని అంశాలు ఇక్కడ ఇంకా ఉన్నాయి. రాజపాళయం పక్కన చత్రపట్టిలో ఆస్పత్రులకు వెళ్లే బ్యాండేజీ గుడ్డ నేస్తారు. గాయాలు కట్టే గుడ్డ నేసేవారి ఊపిరితిత్తుల్లోకి పోయే నూలు దుమ్ము మంచి పరిశోధన ప్రశ్న. దానికి ఊపిరితిత్తుల వైద్యుడొక్కడే చాలడు, దుమ్మును కొలిచే పరికరం, అది వాడటం తెలిసిన మనిషీ కావాలి.

ఇంగ్లండులో 2008 నుంచి ప్రభుత్వ నిధులతో పరిశోధన రూపకల్పన సేవ అని ఒకటి నడిచింది. 2023లో దాని స్థానంలో పరిశోధన సహాయ సేవ వచ్చింది. గ్రాంటుకు దరఖాస్తు చేయబోయే వైద్యుడు ఆ కేంద్రంలో గణాంక నిపుణుణ్ణి, పద్ధతుల నిపుణుణ్ణి, రోగుల ప్రతినిధులను ఒక్కచోటే కలవగలడు, ఖర్చు లేకుండా. మన దగ్గర ఇలా అన్నీ ఒకే గుమ్మంలో దొరకవు. నాలుగు గుమ్మాలు ఎక్కాలి, ఎక్కడ ఏముందో ముందే తెలిసి ఉండాలి.

అనుమతులు

మనుషుల మీద చేసే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ ఆమోదం ముందే కావాలి. తర్వాత తెచ్చుకునేది చెల్లదు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు, 2019 కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఇందుకు ఆధారం. కమిటీలో కనీసం ఏడుగురుండాలి. అధ్యక్షుడు ఆ సంస్థకు చెందనివారై ఉండాలి. న్యాయం తెలిసినవారు, సామాన్య ప్రజల తరఫున ఒకరు తప్పనిసరి. సొంత కమిటీ లేని కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు ఒప్పందం మీద మరో సంస్థ కమిటీకి వెళ్లవచ్చు. ప్రయోగాత్మక చికిత్సలైతే మొదటి రోగిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైన ఆ రిజిస్ట్రీ 2018 ఏప్రిల్ నుంచి వెనకటి తేదీ నమోదులను తీసుకోవడం లేదు. విదేశీ నిధులో, విదేశీ భాగస్వామ్యమో ఉంటే ఆరోగ్య మంత్రిత్వ శాఖ పరిశీలక సంఘం అనుమతి అదనం.

దీన్ని కాగితాల తంతుగా చూస్తే ఏమవుతుందో ఖమ్మం చెప్పింది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో పాత్ అనే సంస్థ, వైద్య పరిశోధన మండలి కలిసి వేలమంది బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిపాయి. కొందరు బాలికలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. విచారణ సంఘం ఆ మరణాలను టీకాకు అంటగట్టలేదు. కానీ హాస్టల్ పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టడం బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. పనికొచ్చే టీకా మీద కూడా ఏళ్లపాటు అనుమానం నిలిచిపోయింది.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేయాలంటే ప్రజారోగ్య శాఖ అనుమతి వేరే. తమిళనాడు రెవెన్యూ జిల్లాలను ఆరోగ్య యూనిట్ జిల్లాలుగా విడదీసింది. తూత్తుక్కుడి జిల్లాలోదే అయినా కోవిల్‌పట్టి తనంతట తానొక ఆరోగ్య జిల్లా. విరుదునగర్‌లో విరుదునగర్, శివకాశి అని రెండున్నాయి. ఇది తెలియక కలెక్టరేట్ చుట్టూ తిరిగేవారున్నారు.

ఊళ్లో అడగవలసిన సలహా

గణాంక నిపుణుడూ, కమిటీ అధ్యక్షుడూ చెప్పలేని విషయాలు కొన్ని ఉంటాయి. వాటికి ఊళ్లోని గ్రామ ఆరోగ్య నర్సు దగ్గర సమాధానముంటుంది. ఏ వీధిలో పగలు ఎవరూ ఉండరో, ఏ ఇంట్లో కోడలు అత్త ఎదుట నోరు విప్పదో ఆమెకు తెలుసు. అగ్గిపెట్టెల పని చాలావరకు పీస్ రేటు మీద నడుస్తుంది. పుల్లలు పెట్టెల్లో నింపే మనిషిని అరగంట కూర్చోబెట్టి ప్రశ్నలడిగితే ఆ అరగంట కూలి పోతుంది. ఒప్పుకోనివారు పది శాతమేనన్న అంచనా అక్కడే తలకిందులవుతుంది. సాయంత్రం వెళ్లడం, లేదా పోయిన కూలికి సరిపడా పరిహారాన్ని ఎథిక్స్ కమిటీకి చెప్పి ఇవ్వడం మార్గాలు.

భాష సంగతి ఈ సీమలో మరీ చిక్కు. సమ్మతి పత్రం పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలన్నది నియమం. తెలుగు కుటుంబాల కోసమని హైదరాబాద్‌లో అచ్చువేసిన తెలుగు పత్రం తెస్తే అది వృథా. ఇక్కడివారు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో చదివింది తమిళం. తెలుగు లిపి చదవగలిగినవారు అరుదు. పైగా వారి తెలుగు వందల ఏళ్లుగా తమిళం పక్కన పెరిగింది, పత్రికల తెలుగు వారికి పరాయిగా వినిపిస్తుంది. సాధారణంగా సరిపోయే పద్ధతి ఇది: పత్రం తమిళంలో ఉంచాలి, పెద్దవాళ్లకు ఆ ఊరి తెలుగులోనే నోటితో వివరించాలి, చదవలేనివారి విషయంలో పరిశోధనతో సంబంధం లేని సాక్షి సంతకం తీసుకోవాలి. వివరించే మనిషి ఎవరన్నది కూడా చూసుకోవాలి. పారిశుద్ధ్య పనిలో ఉన్న అరుంధతీయుల ఇళ్లకు పెద్ద కులం రైతు ఇంటి కుర్రాణ్ణి అనువాదకుడిగా పంపితే మాట తెలుగే అయినా జవాబు నిజం కాకపోవచ్చు. ప్రశ్నావళిని అసలు సర్వేకు ముందు ఇరవై ముప్ఫై మంది దగ్గర పరీక్షిస్తే ఇలాంటివి చాలావరకు తెలిసిపోతాయి.

డబ్బు, ప్రచురణ

ఎంబీబీఎస్ విద్యార్థులకు వైద్య పరిశోధన మండలి 1979 నుంచి రెండు నెలల స్వల్పకాలిక పరిశోధన భృతి ఇస్తోంది. చిన్న ప్రోటోకాల్ రాసి, గైడుతో దిద్దించుకుని, ఎథిక్స్ కమిటీ ముందు పెట్టడం అంతా అందులో ఒకసారి చేతిమీదుగా జరుగుతుంది. పెద్ద ప్రాజెక్టులకు మండలి గ్రాంట్లు, 2008 నుంచి హైదరాబాద్ కేంద్రంగా నడిచే ఇండియా అలయన్స్ ఫెలోషిప్పులు ఉన్నాయి. వీటికి పోటీ గట్టిది. అనుభవమున్న సంస్థను భాగస్వామిగా చేర్చుకున్న దరఖాస్తుకే అవకాశమెక్కువ.

పత్రికల చందాల బెడద 2025 జనవరిలో మొదలైన ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకంతో ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు చాలావరకు తీరింది. డబ్బు కడితే చాలు ఏదైనా అచ్చువేసే పత్రికల బెడద ఇంకా ఉంది. ఆ వ్యాపారంలో అంతర్జాతీయంగా పేరు మోసింది తెలుగు నేల మీది సంస్థే కావడం మనకు గొప్ప కాదు. హైదరాబాద్‌కు చెందిన ఒమిక్స్ గ్రూపు పరిశోధకులను మోసగించిందంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో అక్కడి కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని ఆదేశించింది. థీసిస్ రాసిపెడతామనీ, అంకెలు ‘సర్దిపెడతామనీ’ ప్రకటనలిచ్చే దుకాణాలదీ ఇదే తరహా. నిజమైన సలహాదారు అంకెలు మార్చడు. అవి ఎలా వచ్చాయో అడుగుతాడు, మూల ఫారాలు చూపించమంటాడు, తన పేరు రచయితల జాబితాలో ఉండాలా, కృతజ్ఞతల్లో ఉండాలా అన్నది పని మొదలుకాకముందే తేల్చుకుంటాడు.